ఫోనులో ఓఎస్ మళ్లీ వేస్తుంటే మధ్యలో ఆగిపోయిందా? ఆగిన చోటును బట్టి మరమ్మతు

ఫోను లోగో దగ్గరే తిరుగుతోంది, లేదా అప్‌డేట్ తర్వాత పదే పదే రీస్టార్ట్ అవుతోంది. కంప్యూటర్‌కు తగిలించి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటినుంచి వేద్దామని కూర్చుంటే ఆ పనీ మధ్యలో ఆగింది. ఇలాంటప్పుడు చాలామంది వీడియోల్లో కనిపించిన ప్రతి చిట్కానూ వరుసగా ప్రయోగిస్తారు. బాగయ్యే ఫోన్లు బొత్తిగా చెడిపోయేది అక్కడే.

ఆగిన చోటు తెలియకుండా రెండో ప్రయత్నం చేయవద్దన్నది ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. కంప్యూటర్, కేబుల్, డ్రైవర్, ఫోను ఉన్న మోడ్, బూట్‌లోడర్ (ఓఎస్‌ను లేపే తొలి ప్రోగ్రామ్) తాళం, ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే ఓఎస్) ఫైలు, ఫోనులోని పార్టిషన్లు (నిల్వలోని విభాగాలు), చివరికి మొదటి బూట్. పని ఈ వరుసలోనే నడుస్తుంది. తెర మీద వచ్చే సందేశం వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగిందో చెబుతుంది. మొదటి అయిదు మెట్లలో ఆగితే ఫోనులోకి ఇంకా ఏమీ చేరలేదన్నమాట. ఫోను ఇంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంది, కంగారు పడాల్సిన పని లేదు.

హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో చేయి తిరిగిన మెకానిక్ పని చేసే బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. డెడ్ అయిందని తెచ్చిన ఫోనుకు అతను వెంటనే సాఫ్ట్‌వేర్ వేయడు. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, ఆ స్థానంలో డీసీ పవర్ సప్లై వైర్లు తగిలిస్తాడు. పవర్ బటన్ నొక్కకముందే ఆంపియర్ అంకె లేస్తే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉంది. నొక్కాక కొంచెం లేచి అక్కడే నిలిచిపోతే బూట్ మొదట్లోనే ఆగింది. లేస్తూ పడుతూ కదులుతుంటే ప్రాసెసర్ పని చేస్తోంది, సాఫ్ట్‌వేర్ వైపు చూడవచ్చు. అతను ముందు లోపం ఏ వైపు ఉందో తేల్చుకుంటున్నాడు. ఇంట్లో మన దగ్గర ఆ పరికరం లేదు కానీ, కంప్యూటర్ చూపించే సందేశాలతో అదే పని చాలావరకు చేయవచ్చు.

మొదలుపెట్టే ముందు

ఫోను ఇంకా ఏదో రకంగా తెరుచుకుంటుంటే ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ ముందు బయటికి తీయండి. బూట్‌లోడర్ తాళం తీస్తే డేటా మొత్తం చెరిగిపోతుంది. ఇప్పటి ఫోన్లలో నిల్వ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, చెరపడంతో దాన్ని తెరిచే తాళంచెవి కూడా పోతుంది. ఆ తర్వాత ఏ దుకాణమూ, ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేవు. తెస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఫ్యాక్టరీ రీసెట్ రక్షణ ఉంది. సెట్టింగుల్లో ఖాతా తొలగించకుండా ఫోను చెరిపితే, మళ్లీ తెరుచుకున్నాక పాత ఖాతా వివరాలే అడుగుతుంది. సెకండ్ హ్యాండ్ ఫోను అయితే అమ్మిన వ్యక్తి అందుబాటులో ఉండగానే ఖాతా తీయించుకోవాలి. ఓటీపీలు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే దాన్ని ముందే వేరే ఫోనులోకి మార్చుకోండి. ఇది మరిచిపోయేవారు చాలామంది.

యూపీఐ సంగతి కూడా ఆలోచించండి. ఓఎస్ మళ్లీ వేశాక ప్రతి చెల్లింపు యాప్‌లోనూ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మళ్లీ నమోదు కావాలి. కొన్ని బ్యాంకులు తొలి 24 గంటలు చెల్లింపుల మీద పరిమితి పెడతాయి. ఇంటి అద్దె కట్టాల్సిన రోజో, ఊరికి బయల్దేరే రోజో ఈ పని పెట్టుకోకండి.

బ్యాటరీ కనీసం సగం పైన ఉండాలి. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే ల్యాప్‌టాప్ మీదే చేయండి, దాని చార్జింగ్ నిండుగా ఉంచండి. స్లీప్ మోడ్ ఆపేయండి. సిమ్, మెమరీ కార్డు తీసి పక్కన పెట్టండి. నెట్ సెంటర్ కంప్యూటర్ మీద మాత్రం వద్దు. అక్కడ డ్రైవర్లు వేసే అనుమతి మీకు ఉండదు, పని మధ్యలో సమయం అయిపోవచ్చు.

ఫైలు సరైనదేనా?

ఒకే పేరుతో అమ్మే ఫోన్లు లోపల ఒకటి కాకపోవచ్చు. శాంసంగ్ గెలాక్సీ ఎస్22నే తీసుకోండి: ఐరోపాలో ఎక్సినోస్ చిప్‌తో, మన దేశంలో స్నాప్‌డ్రాగన్ చిప్‌తో అమ్మారు. ఒకదాని ఫర్మ్‌వేర్ మరొకదానికి పనికిరాదు. అందుకే పెట్టె మీది మార్కెట్ పేరు కాకుండా మోడల్ నంబరు చూడాలి. పెట్టె లేకపోతే సెట్టింగుల్లోనో, రికవరీ (ఫోనులోని మరమ్మతు మెనూ) తెర మీదో, సిమ్ ట్రే దగ్గరో కనిపిస్తుంది. షావోమీ ఫోన్లకు కోడ్‌నేమ్ కూడా ఉంటుంది. రెడ్‌మీ నోట్ 7 లావెండర్, నోట్ 7 ప్రో వయొలెట్. పేర్లలో తేడా ఒక్క మాటే, ఫైళ్లు మాత్రం పూర్తిగా వేరు.

ఫైలు దించుకున్నాక దాని షా-256 విలువ సరిచూడండి. 64 అక్షరాలూ అంకెలూ కలిసిన వరుస అది. కంపెనీ పేజీలో ఇచ్చిన విలువతో మీ దగ్గర వచ్చింది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హాష్ కమాండ్ ఇచ్చి, ఫైలును ఆ కిటికీలోకి లాగి వదిలితే చాలు. (కమాండ్‌లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేయాలి.) నాలుగైదు జీబీల ఫైలు, ఇంటర్నెట్ మధ్యలో తెగితే చివర కొంత చేరకపోవచ్చు. అయినా ఫైలు మామూలుగానే కనిపిస్తుంది. సగంలో ఆగిపోయే ఫ్లాషింగ్‌లకు (ఫోనులోకి ఓఎస్ రాయడాన్ని ఇలా అంటారు) ఇదొక ముఖ్య కారణం. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పెడితే రాత్రంతా పడే అవస్థ తప్పుతుంది.

ఫైలును ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. కంప్యూటర్ యూజర్ పేరు తెలుగులో ఉన్నా, ఫోల్డర్ పేర్ల మధ్య ఖాళీలు ఉన్నా కొన్ని ఫ్లాషింగ్ సాఫ్ట్‌వేర్‌లు దారి తెలియక ఆగిపోతాయి. సీ డ్రైవ్‌లోనే పొట్టి ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, అన్నీ అందులోనే విప్పండి.

ఫోను కంప్యూటర్‌కు కనిపించడం లేదు

వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ ఇక్కడివే, కాబట్టి ఓపికగా చదవండి.

ముందు కేబుల్. చార్జింగ్ అవుతోంది కదా, కేబుల్ బాగానే ఉందని అనుకోకండి. కొన్ని చౌక కేబుళ్లలో కరెంటు వైర్లు మాత్రమే ఉండి డేటా వైర్లు ఉండవు. కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ కొంటున్నప్పుడు డేటా కేబుల్ కావాలని అడిగి, అక్కడే ఏదైనా ఫోనుకు తగిలించి ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూపించమనండి. ఫోనుతో వచ్చిన అసలు కేబుల్ ఉంటే అంతకంటే మంచిది లేదు.

తర్వాత పోర్టు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న కొన్ని కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టుల మీద ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి ఫోనులోకి ఓఎస్ రాయనిచ్చే మోడ్, దాని కమాండ్) మొండికేస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే దానికి మార్చండి. లేకపోతే మధ్యలో ఒక పాత యూఎస్‌బీ 2 హబ్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టులు వదిలి, వెనక మదర్‌బోర్డు పోర్టునే వాడండి.

ఇప్పుడు డ్రైవర్. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి తెర మీద ఒక పక్కన ఉంచండి. ఫోనును ఫాస్ట్‌బూట్ మోడ్‌లోకి తీసుకెళ్లి కేబుల్ గుచ్చండి. గుచ్చిన క్షణంలో జాబితా ఒకసారి కదలాలి. జాబితా కదలకపోతే, కంప్యూటర్ నుంచి శబ్దం కూడా రాకపోతే తప్పు కేబుల్‌దో పోర్టుదో. జాబితా కదిలి, పసుపు గుర్తుతో పేరు తెలియని పరికరం వస్తే తప్పు డ్రైవర్‌ది. ఈ రెండింటి తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. డ్రైవర్ తప్పయితే విండోస్ అప్‌డేట్‌లో ఐచ్ఛిక అప్‌డేట్ల కింద చూడండి, చాలాసార్లు సరైన డ్రైవర్ అక్కడే దొరుకుతుంది. లేదంటే గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్‌నో, మీ ఫోను కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌నో చేత్తో ఎంచి వేయాలి.

ఆ తర్వాత ఫాస్ట్‌బూట్ డివైసెస్ అని కమాండ్ ఇస్తే సీరియల్ నంబరు కనిపించాలి. నంబరు లేకుండా ఏ కమాండ్ ఇచ్చినా "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అని వచ్చి అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్ ఫోను కోసం ఎదురుచూస్తోందని దాని అర్థం. ఎంతసేపు కూర్చున్నా ముందుకు కదలదు. ఆపి, పై మూడూ మళ్లీ చూడండి.

మీడియాటెక్ చిప్ ఉన్న ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. ఫోను ఆఫ్ చేసి కేబుల్ గుచ్చితే, డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద ప్రీలోడర్ అనే పేరు మెరిసి, రెండు మూడు సెకన్లలో మాయమవుతుంది. కాసేపటికి మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. కంప్యూటర్ టుంగు టుంగుమని మోగుతూనే ఉంటుంది. ఇది చూసి ఫోను పోయిందనుకుంటారు. నిజానికి చిప్ బతికే ఉంది. తనతో మాట్లాడేవారు ఉన్నారేమోనని కాసేపు చూసి వెనక్కి తగ్గుతోంది. అందుకే ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో (మీడియాటెక్ ఫోన్లకు ఓఎస్ వేసే సాఫ్ట్‌వేర్) ముందు డౌన్‌లోడ్ బటన్ నొక్కి, ఆ తర్వాతే ఫోను తగిలించాలి. వరుస తిరగబడితే అది దొరకదు.

క్వాల్‌కామ్ చిప్ ఫోనులో తెర నల్లగా ఉండి, వైబ్రేషన్ కూడా లేకుండా, డివైస్ మేనేజర్‌లో 9008 అనే అంకెతో పోర్టు కనిపిస్తే అది ఈడీఎల్ (అత్యవసర డౌన్‌లోడ్) మోడ్. డ్రైవర్ లేని కంప్యూటర్‌లో ఇదే క్యూహెచ్ యూఎస్‌బీ బల్క్ అనే పేరుతో వస్తుంది. నిల్వలోని బూట్‌లోడర్ చెడినా, చిప్‌లో పుట్టుకతో ఉన్న కోడ్ బతికి ఉందని ఇది చెబుతుంది. ముందుగా పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్లు కలిపి అర నిమిషం నొక్కి పట్టుకోండి, కొన్నిసార్లు మామూలు బూట్‌కు వచ్చేస్తుంది. రాకపోతే ఆ మోడ్‌లోనే ఫర్మ్‌వేర్ వేయాలి. షావోమీ కొత్త ఫోన్లలో అందుకు కంపెనీ అనుమతి ఉన్న ఖాతా కావాలి, కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

తాళం తీయనిదే రాయనివ్వదు

"లాక్ స్టేట్‌లో ఫ్లాషింగ్‌కు అనుమతి లేదు" అన్న అర్థంతో ఇంగ్లిష్ సందేశం వస్తే బూట్‌లోడర్ తాళం వేసి ఉంది. డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయాలి. ఫోను తెరుచుకోకపోతే ఆ సెట్టింగు చేరుకోలేరు. షావోమీ కొన్ని రోజులు ఆగమంటుంది, కొన్ని కంపెనీలు తాళం తీసే దారే ఇవ్వవు.

తాళం తీయకుండానే పని జరిగే మార్గాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. శాంసంగ్ అసలు ఫర్మ్‌వేర్‌ను డౌన్‌లోడ్ మోడ్‌లో వేయడానికి తాళం తీయక్కరలేదు. గూగుల్ పిక్సెల్‌లో పూర్తి ఓటీఏ (అప్‌డేట్) ఫైలును రికవరీ ద్వారా సైడ్‌లోడ్ చేయడానికీ (కంప్యూటర్ నుంచి పంపి వేయడానికీ) అక్కరలేదు. ఈ దారుల్లో కంపెనీ సంతకం ఉన్న ఫైలును తాళం ఆపదు. కాబట్టి ముందు ఈ దారి చూడండి. శాంసంగ్‌లో తాళం తీసి వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే నాక్స్ (శాంసంగ్ భద్రతా వ్యవస్థ) ఫ్యూజ్ కాలిపోతుంది. తర్వాత అసలు ఫర్మ్‌వేర్ వేసినా అది వెనక్కి రాదు, సెక్యూర్ ఫోల్డర్ వంటివి ఇక పనిచేయవు. తాళం తెరిచిన ఫోన్లలో కొన్ని బ్యాంకు యాప్‌లు కూడా తెరుచుకోవు.

శాంసంగ్‌లో ఆగితే

ఫోను ఆఫ్ చేసి, వాల్యూమ్ బటన్లు రెండూ నొక్కి పట్టుకుని, కంప్యూటర్‌కు తగిలి ఉన్న కేబుల్ గుచ్చితే కొత్త మోడళ్లలో డౌన్‌లోడ్ మోడ్ వస్తుంది. ఓడిన్‌లో (శాంసంగ్ ఫోన్లకు ఓఎస్ వేసే విండోస్ సాఫ్ట్‌వేర్) బీఎల్, ఏపీ, సీపీ, సీఎస్‌సీ అనే నాలుగు గడుల్లో నాలుగు ఫైళ్లు పెట్టాలి. డేటా ఉంచాలంటే సీఎస్‌సీ గడిలో హోమ్ సీఎస్‌సీ ఫైలు పెట్టండి. అది పెట్టినా ఫోను లోగో దాటకపోతే అప్పుడు మామూలు సీఎస్‌సీ. అది డేటా చెరిపేస్తుంది.

ఏపీ ఫైలు ఎంచుకోగానే ఓడిన్ స్పందించకుండా బిగుసుకుపోతుంది. అంత పెద్ద ఫైలును అది సరిచూసుకుంటోంది, కొన్ని నిమిషాలు వదిలేయండి. కంగారుపడి మూసేయకండి. "సెటప్ కనెక్షన్" దగ్గర ఆగితే కేబుల్, పోర్టు, డ్రైవర్. ఫోను తెర మీద రివిజన్ చెక్ ఫెయిల్ అన్న అర్థంతో ఎర్ర అక్షరాలు వస్తే మీరు పాత ఫర్మ్‌వేర్ వేస్తున్నారు. ఫర్మ్‌వేర్ వెర్షన్ పేరులో కుడి నుంచి అయిదో అక్షరం బూట్‌లోడర్ రివిజన్. ఫోనులో 5 ఉంటే 4 ఉన్న ఫైలును అది ఎప్పటికీ తీసుకోదు. అదే అంకె గానీ, అంతకంటే పెద్దది గానీ ఉన్న ఫైలు దించుకోవడం తప్ప మార్గం లేదు. రీ-పార్టిషన్, నాండ్ ఎరేజ్ అనే టిక్ గడుల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఏ వీడియోలో ఎవరు చెప్పినా సరే.

ఫాస్ట్‌బూట్, సైడ్‌లోడ్‌లలో ఆగితే

ఫాస్ట్‌బూట్‌లో "పార్టిషన్ నాట్ ఫౌండ్" అని వస్తే ఫోను పాడైపోయిందని భయపడనక్కరలేదు. 2019లో ఆండ్రాయిడ్ 10తో డైనమిక్ పార్టిషన్లు వచ్చాయి. సిస్టమ్, వెండర్, ప్రొడక్ట్ వంటివి ఇప్పుడు సూపర్ అనే ఒకే పెద్ద పార్టిషన్ లోపల ఉంటాయి. బూట్‌లోడర్‌లోని ఫాస్ట్‌బూట్‌కు అవి విడివిడిగా కనిపించవు. ఫాస్ట్‌బూట్ రీబూట్ ఫాస్ట్‌బూట్ అని కమాండ్ ఇస్తే ఫోను ఫాస్ట్‌బూట్-డి అనే మరో మోడ్‌లోకి వెళ్తుంది. అక్కడ అదే కమాండ్ పనిచేస్తుంది. బూట్, వీబీమెటా వంటివి బూట్‌లోడర్‌లో, సిస్టమ్ వంటివి ఫాస్ట్‌బూట్-డిలో రాయాలని గుర్తుంచుకోండి.

పొడవాటి ఫైలు రాస్తుండగా "ఇన్‌వాలిడ్ స్పార్స్ ఫైల్" అనే వరుస వచ్చి, ఆ వెంటే ఓకే అని వస్తుంటే అది హెచ్చరిక మాత్రమే, పని నడుస్తోంది. ఓకే బదులు ఫెయిల్డ్ అని వస్తేనే ఆగండి. ఎర్రర్ అనే మాట కనిపించగానే కేబుల్ లాగేయడం వల్ల జరిగే నష్టం, అసలు ఎర్రర్ వల్ల జరిగేదానికంటే ఎక్కువ.

సైడ్‌లోడ్‌లో ముందు ఏడీబీ డివైసెస్ కమాండ్‌తో (ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే సాధనం) సీరియల్ నంబరు పక్కన సైడ్‌లోడ్ అనే మాట ఉందో లేదో చూడండి. పిక్సెల్ రికవరీలో పడుకున్న ఆండ్రాయిడ్ బొమ్మ, "నో కమాండ్" అనే మాట కనిపిస్తే పవర్ నొక్కి పట్టుకుని వాల్యూమ్ పెంచే బటన్ ఒక్కసారి నొక్కండి, మెనూ వస్తుంది. ఇక పాత ఏడీబీ పెద్ద ఫైళ్లను చదవలేక మొదట్లోనే చేతులెత్తేస్తుంది, గూగుల్ ఇచ్చే తాజా ప్లాట్‌ఫామ్ టూల్స్ వేసుకోండి.

ఇక్కడ ఎందరినో బెదరగొట్టే సంగతి ఒకటి ఉంది. కంప్యూటర్ తెర మీద శాతం పెరుగుతూ 47 దగ్గర ఆగి, కమాండ్ చదవలేకపోయాం అన్న అర్థంతో ఒక వరుస వచ్చి, దాని పక్కనే సక్సెస్ అనో నో ఎర్రర్ అనో ఉంటుంది. లీనేజ్ ఓఎస్ వంటి, ఫోను కంపెనీవి కాని ఓఎస్‌లు వేసేటప్పుడు ఇది మామూలే, పని పూర్తయిందనే అర్థం. అప్పుడు కంప్యూటర్‌ను వదిలి ఫోను తెరను చూడండి. పూర్తయిందని ఫోను చెబితే పూర్తయినట్టే.

ఫైలు తేదీ ఫోనులో ఉన్న వెర్షన్ కంటే పాతదైతే సైడ్‌లోడ్ ఒప్పుకోదు. 2022 ఆగస్టులో పిక్సెల్ 6 ఫోన్లకు వచ్చిన ఆండ్రాయిడ్ 13 అప్‌డేట్ బూట్‌లోడర్‌లో వెనక్కి వెళ్లే దారినే మూసేసింది. మళ్లీ ఆండ్రాయిడ్ 12 వేస్తే ఆ ఫోన్లు బూట్ కావు. పాత వెర్షన్ బాగుండేదని వెనక్కి వెళ్లాలనుకునేవారు ముందు తమ మోడల్‌కు ఇలాంటి అడ్డు ఉందేమో తెలుసుకుని కదలాలి.

కస్టమ్ రికవరీలో (కంపెనీది కాకుండా మనం విడిగా వేసుకున్నది) "ఎర్రర్ 7" వస్తే ఆ ఫైలు మీ ఫోనుది కాదనో, రికవరీ పాతదనో, కింద ఉండాల్సిన ఫర్మ్‌వేర్ లేదనో అర్థం. ఫైలు విప్పి, మోడల్ సరిచూసే వరుసను చెరిపేసి మళ్లీ వేయమనే సలహా అంతటా కనిపిస్తుంది. దయచేసి అది పాటించకండి. మీ ఫోనును కాపాడటానికి పెట్టిన కాపలాను మీరే తీసేస్తున్నారు.

షావోమీ ఫోన్లకు ఓఎస్ వేసే ఎంఐ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు కిటికీ అడుగున కుడివైపు చూడాలి. క్లీన్ ఆల్ అండ్ లాక్ అనే ఎంపిక ముందే టిక్ అయి ఉంటుంది. చైనా మార్కెట్ ఫోనులో గ్లోబల్ ఫర్మ్‌వేర్ వేసి దానితో తాళం వేస్తే, ఈ వెర్షన్ ఈ ఫోనులో చెల్లదంటూ రికవరీలో నిలిచిపోతుంది. దాన్ని క్లీన్ ఆల్‌కు మార్చాకే ఫ్లాష్ నొక్కండి.

ఐఫోను

ఐఫోనులో పని తేలిక, ఎంపికలు తక్కువ. రికవరీ మోడ్‌లో పెట్టి, మ్యాక్ అయితే ఫైండర్‌లో, విండోస్ అయితే యాపిల్ డివైసెస్ యాప్‌లో ముందు అప్‌డేట్ నొక్కండి, డేటా మిగులుతుంది. కుదరకపోతేనే రిస్టోర్. ఫైలు దిగడానికి 15 నిమిషాలు దాటితే ఫోను రికవరీ మోడ్ నుంచి తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. డౌన్‌లోడ్ పూర్తికానిచ్చి, మళ్లీ అదే మోడ్‌లో పెట్టండి. ఎర్రర్ 9, 4013, 4014 వస్తే మధ్యలో కనెక్షన్ తెగింది. కేబుల్, పోర్టు, కంప్యూటర్ మార్చి చూశాక కూడా అదే అంకె వస్తే బోర్డులో లోపం ఉండవచ్చు. 3194 వస్తే యాపిల్ సర్వర్ అందలేదు, లేదా యాపిల్ సంతకం ఆపేసిన పాత వెర్షన్ వేస్తున్నారు.

అంతా పాస్ అయింది, ఫోను మాత్రం లోగో దాటడం లేదు

మొదటి బూట్‌కు పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు. అరగంట దాటితే రికవరీలోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కొత్త సిస్టమ్, పాత డేటా పొసగకపోవడమే ఎక్కువసార్లు కారణం. కస్టమ్ రికవరీలో మామూలు వైప్ సరిపోదు. ఎన్‌క్రిప్షన్ కూడా పోవాలంటే ఫార్మాట్ డేటా చేయాలి.

2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుంచి ఏ, బీ అనే రెండు స్లాట్లు (ఓఎస్ రెండు ప్రతులకు వేర్వేరు చోట్లు) ఉండే ఫోన్లు వస్తున్నాయి. మీరు ఒక స్లాట్‌లో వేశారు, ఫోను రెండో స్లాట్ నుంచి బూట్ అవుతోందేమో చూడండి. ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్-స్లాట్ కమాండ్ ఏది నడుస్తోందో చెబుతుంది. స్లాట్ మార్చే ముందు రెండో దాంట్లో పూర్తి ఫర్మ్‌వేర్ ఉందని తెలిసి ఉండాలి. ఖాళీ స్లాట్‌కు మారిస్తే ఫాస్ట్‌బూట్ కూడా రాని స్థితి ఏర్పడవచ్చు.

బూట్‌లోడర్ తాళం మళ్లీ వేయాలనుకుంటే కంపెనీ అసలు ఫర్మ్‌వేర్ పూర్తిగా ఉన్నప్పుడే వేయండి, ఫోను తెరుచుకుని బాగా నడుస్తోందని చూశాకే. మార్పులు చేసిన సిస్టమ్ మీద తాళం వేస్తే ఫోను దాన్ని నమ్మదు, బూట్ చేయనివ్వదు.

ఐఎంఈఐ దాచే పార్టిషన్ల జోలికి వెళ్లవద్దు

శాంసంగ్‌లో ఈఎఫ్‌ఎస్, మీడియాటెక్‌లో ఎన్‌వీ ర్యామ్, క్వాల్‌కామ్‌లో మోడెమ్ ఎస్‌టీ, పర్సిస్ట్. ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు), రేడియో సర్దుబాట్లు, సెన్సార్ల కొలతలు వీటిలో ఉంటాయి. ఇవి ఆ ఒక్క ఫోనుకే ఫ్యాక్టరీలో రాసినవి, ఏ ఫర్మ్‌వేర్ ఫైలులోనూ దొరకవు. ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో ఫార్మాట్ ఆల్ ప్లస్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే ఎన్‌వీ ర్యామ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. డౌన్‌లోడ్ ఓన్లీ ఎంచుకోండి. ఫోను బాగున్న రోజే ఈ పార్టిషన్ల బ్యాకప్ తీసి పెట్టుకోగలిగినవారు అదృష్టవంతులు.

ఐఎంఈఐ పోయిన ఫోనుకు వేరే నంబరు రాసిస్తామనేవారు దొరుకుతారు. ఒప్పుకోకండి. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఐఎంఈఐని తారుమారు చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా ఆ నంబరు ఎవరి పోయిన ఫోనుదో కావచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ నంబరు వివరాలు వస్తాయి.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

కంప్యూటర్‌కు ఏ మోడ్‌లోనూ కనిపించకపోవడం, చార్జర్ పెడితే ఫోను విపరీతంగా వేడెక్కడం, ఒకే ఫైలు ప్రతిసారీ ఒకే చోట రాయలేక ఆగడం. ఈ మూడింటిలో ఏది ఉన్నా ఇంట్లో ప్రయత్నాలు ఆపండి. చివరిది స్టోరేజ్ చిప్ అరిగిపోయిందని చెప్పే గుర్తు కావచ్చు. వారంటీ ఉంటే నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. లేకపోతే జగదీశ్ మార్కెట్‌లో బోర్డు పని చేసేవారు ఉన్నారు. ఇప్పటిదాకా ఏ ఫైలు వేశారు, ఏ సందేశం వచ్చింది అన్నది తెర ఫొటోతో సహా చూపించండి. దాచిపెడితే వాళ్ల సమయం, మీ డబ్బు రెండూ వృథా. చూడటానికి ఎంత, బాగుచేయడానికి ఎంత, బాగుకాకపోతే ఎంత అన్నది ముందే మాట్లాడుకోండి. ఐఎంఈఐ అంకెలు రాసిన రసీదు తీసుకోండి.

ఫోను తెరుచుకున్నాక

ఖాతాలు పెట్టకముందే కొన్ని పరీక్షలు చేయండి. స్టార్ హాష్ 06 హాష్ డయల్ చేస్తే వచ్చే ఐఎంఈఐ పెట్టె మీది నంబరుతో కలవాలి. రెండు సిమ్‌లూ పెట్టి ఒక్కో దాంతో కాల్ చేయండి, మాట్లాడుతుండగా ఫోను చెవికి ఆనిస్తే తెర ఆరిపోవాలి. వేలిముద్ర నమోదవుతోందా, తెర తిప్పితే తిరుగుతోందా, బయటికి వెళ్తే మ్యాప్‌లో మీరున్న వీధే చూపిస్తోందా చూడండి. సెన్సార్లన్నీ ఒక్కసారిగా పనిచేయకపోతే పర్సిస్ట్ పార్టిషన్ చెడి ఉండవచ్చు. సిమ్ సిగ్నల్ అసలే లేకపోతే మోడెమ్ ఫైలు సరిపడలేదు, అదే వెర్షన్ పూర్తి ఫర్మ్‌వేర్ మళ్లీ వేయండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే గూగుల్ ఖాతా, వాట్సాప్, ఆ తర్వాత బ్యాంకు యాప్‌లు పెట్టుకోండి. నమోదు ఎస్సెమ్మెస్ వెళ్లడానికి ఆ సిమ్‌లో ప్లాన్ నడుస్తూ ఉండాలి. యూపీఐ పిన్ పాతదే పనిచేస్తుంది.